కుడి కాలికి కొసరు

నూనె కొలవడంలో నా చెయ్యి తప్పిందని చెప్పగలిగే మనిషి బొమ్మనహళ్ళిలో ఇంకా పుట్టలేదు. గొప్పకు చెప్పడం లేదు. మీసం మొలిచినప్పటి నుంచి అది నెరిసిందాకా గానుగ నూనె అంగడి నడిపినవాణ్ణి. కండ్లు మూసుకొని డబ్బా వంచితే, గిన్నెలో పడే చప్పుడును బట్టి అది పావు లీటరో అర లీటరో చెప్పేవాణ్ణి. ఒకసారి కొలతలు తనిఖీ చేసే ఆయన వచ్చినాడు. నేను వంచిన నూనెకూ తన కొలపాత్రకూ కుదరలేదు. ఆయన కాసేపు ఆలోచించి, తన కొలపాత్రనే మా అంగడి ముందరి మోరీ కాలువలో పారేసి, నాకు నమస్కారం పెట్టి పోయినాడు.

నమ్మనివాళ్లు ఈ వారం భాగాన్ని చివరిదాకా చదవండి. నమ్మినవాళ్లు తప్పకుండా చదవండి, మీకే ఎక్కువ అవసరం.

పోయిన వారం పత్రిక పక్కింటివాళ్లు ఎత్తుకుపోయినందుకు చదవలేకపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. నా పేరు చిన్నప్ప. నా ఇల్లాలు సావిత్రమ్మ వానల్లో బస్‌స్టాప్ మెట్ల మీద జారిపడి నడుముకు దెబ్బ తగిలించుకుంది. ఎవరో ఒకామె ఆమెను ఆటోలో ఆసుపత్రికి చేర్చి, మేము వచ్చేదాకా తలాపున కూర్చొని, మేము రాగానే పనికి పొద్దుపోతుందని లేచి వెళ్లిపోయింది. మేము ఆ కంగారులో మంచినీళ్లు కూడా అడగలేదు. ఆపరేషన్ అయింది, నడుముకు బెల్టు వచ్చింది. మా కూతురు చైత్ర ఆసుపత్రి గేటు దగ్గర వాళ్లనూ వీళ్లనూ అడిగి అడిగి చివరికి జాడ పట్టింది. ఆమె లక్ష్మీదేవి. కళ్యాణదుర్గం పక్క నుంచి కట్టడం కూలికి వచ్చి జిగణిలో రేకుల షెడ్డులో ఉండాది. అక్కడ పని ముగిసిపోయింది. సోమవారం సంసారం మూటగట్టుకొని ఊరికి పోతాది.

"ఫోన్ చేసి చెప్పు" అన్నాను నేను.

"ఫోన్లో చెప్పే మాటనా అది?" అంది సావిత్రమ్మ. "ఆమె చేతులు పట్టుకొని చెప్పాల."

సరే, ఎట్ల పోవాల? కారెక్కితే సావిత్రమ్మకు వాంతి. వాంతయితే నడుము పట్టేస్తుంది. ఆటో సంగతి మీకు తెలియనిది కాదు. రోడ్డులో ఎన్ని గుంతలుంటే అన్నింటినీ పలకరించడానికి దానికి మూడు చక్రాలు పెట్టినారు. మిగిలింది నా నూరు సీసీ బండి. అంగడికి నూనె డబ్బాలు మోయడానికి కొన్న బండి. గాడిద తన్నినట్టు తంతాది. అప్పుడు మా అల్లుడు గిరీష్ ముందుకొచ్చినాడు. బ్రూక్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, ఆదివారాలు బండ్లు విప్పడం వ్యసనం. వెనక షాక్‌లను నేను డబ్బాల బరువు కోసమని అన్నిటికన్నా గట్టి మెట్టులో పెట్టి మరిచిపోయినాను. వాటిని కిందికి దింపినాడు. టైర్లలో గాలి సరి చేసినాడు. ముందర చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్లు రెండింటిలో బండి పుట్టినప్పటి నూనె ఉండాది. దాన్ని తీస్తే చేపల మార్కెట్టు మోరీ మాదిరి నల్లగా కారింది. ఆ చోట కొత్త నూనె కొలిచి పోసినాడు.

ఆ బండి మీదనే పోయిన వారం సావిత్రమ్మను ఎక్కించుకొని బండిని పరీక్షించడానికి బయలుదేరితే, మా వీధి చివరి స్పీడ్‌బ్రేకర్ హంపు మీద బండి ముందరి భాగం గోడకు గుద్దుకున్నట్టు ఎగిరింది. సావిత్రమ్మ "అయ్యో" అన్న అరుపు వీధంతా వినపడింది. ఆమె దిగి, గోడ పట్టుకొని ఇంటికి నడిచింది. చూస్తే కుడి ఫోర్కు కాలి మీద నుంచి నూనె కారుతుండాది. గిరీష్ తల దించుకొని, "నేనే ఎక్కడో తప్పు చేసుంటా అత్తా" అన్నాడు. చైత్ర మొగుణ్ణి ఏమన్నదో రాస్తే పత్రికవాళ్లు అచ్చు వెయ్యరు.

అక్కడ ఆగినాము. ఇప్పుడు శనివారం పొద్దున.

గిరీష్ వచ్చి వాకిట్లో నిలబడినాడు, సామాను సంచి చేతిలో లేకుండా.

"మామా, బండిని షాపుకు ఇచ్చేద్దాం. నేను ముట్టను."

"ఏమప్పా, ఒక హంపుకే భయపడితివా?"

"నేను భయపడితే ఏమీ కాదు మామా. అత్త భయపడింది."

సావిత్రమ్మ వాకిట్లోనే కుర్చీలో నిటారుగా కూర్చొని ఉంది, బెల్టు కట్టుకొని, ఒళ్లో చేటలో అవరేకాయలు, అదే అనపకాయలు, పెట్టుకొని. వారం నుంచి అల్లుడితో సరిగ్గా మాట్లాడింది లేదు. కాయ ఒలుస్తూ తల ఎత్తకుండా అంది.

"షాపూ గీపూ వద్దు. విప్పినవాడే బిగించాల. నా కండ్ల ముందర విప్పు. ఏం జరిగిందో నాకు తెలియాల. రేపు ఆదివారం. రేపు కూడా బండి ఎత్తేసిందంటే నేను ఇంక ఈ గడప దాటను. ఆమె ముఖం చూడకుండానే ఉండిపోతా. అంతే."

ఆ "అంతే" ఎట్లాంటిదో నాకు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి "మీ అక్క ఇంటికి రాను, అంతే" అంది. మా అక్క ముసలిదై పోయింది గానీ ఈమె పోలేదు.

గిరీష్ నా స్పానర్లే తీసుకున్నాడు. బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి, ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టి, ముందరి చక్రం ఊడదీసినాడు. మడ్‌గార్డు తీసినాడు. కాళ్లను పట్టుకొని ఉండే బోల్టులు వదులు చేసి రెండు ఫోర్కు కాళ్లనూ చెరకు గడలు పీకినట్టు కిందికి లాగినాడు. నేను పక్కన నిలబడి సలహాలు ఇస్తూ ఉన్నాను. ఇవ్వకపోతే ఆ పని అంత ఆలస్యం అయ్యుండేది కాదు.

"అత్తా, రెండు సీసాలు కావాల. ఒకే రకంవి."

"ఊరగాయ సీసాలు ఉండాయి, కడిగి పెట్టినా. తీసుకో."

గిరీష్ రెండు సీసాలను అరుగు మీద పక్కపక్కన పెట్టినాడు. ఒక్కో కాల్లో తాను పోసినంత నీళ్లు కొలిచి సీసాల్లో పోసి, మట్టం ఎక్కడికి వచ్చిందో అక్కడ పెన్నుతో గీత గీసి, నీళ్లు పారబోసి తుడిచినాడు. "పోసినంత రావాల అత్తా. కుడి కాల్లోది కారిపోయింది కాబట్టి దాంట్లో తక్కువ వస్తాది. ఎంత తక్కువో చూస్తే లీకు ఎంతో తెలుస్తాది."

ముందు ఎడమ కాలిని తలకిందులు చేసి, కిందికీ పైకీ ఆడించినాడు. ఎర్రటి నూనె గుడగుడమని దిగింది. దిగి దిగి సరిగ్గా గీత దగ్గర ఆగింది. నేను "శభాష్" అన్నాను. ఎవరు కొలిచినా సరే, కొలత సరిపోతే నా చెయ్యి దానంతట అదే మీసం మీదికి పోతాది.

తర్వాత కుడి కాలు.

గుడగుడ. గీత వచ్చింది. నూనె ఆగలేదు. గీత దాటింది. ఇంకా దాటింది. గిరీష్ కాలిని ఆడించడం మరిచిపోయి సీసా వైపే చూస్తున్నాడు.

"ఏంది మామా ఇది?"

"నూనె ఈనింటాది" అన్నాను.

"మామా!"

"వేడికి నూనె పొంగుతాదప్పా. కుడి పక్క ఎండ ఎక్కువ. మా తాత కాలంలో ఒక జాడీ నువ్వుల నూనె ఎండలో పెట్టి మరిచిపోతే, సాయంత్రానికి వీధి చివరిదాకా పొంగి, ఆ రోజు వీధిలో అందరూ బోండాలు వేసుకున్నారు."

సావిత్రమ్మ నవ్వలేదు. "గిరీషప్పా, నూనె ఎక్కువైతే మంచిదే కదా? మెత్తగా ఉండాల కదా?"

ఆ ప్రశ్న నేనే అడగాల్సింది. వారం రోజుల క్రితం అడగాల్సింది.

గిరీష్ ఖాళీ కాలిని ఒళ్లో పెట్టుకొని అత్తకు చూపించినాడు. చెప్పేటప్పుడు అతని గొంతు చిన్నపిల్లలకు కథ చెప్పినట్టు ఉంటుంది, అది నాకు ఇష్టం. "ఇది సైకిల్ పంపు మాదిరి అత్తా. లోపల స్ప్రింగు, కింద నూనె. నూనె పైన ఇంత చోటు ఖాళీగా ఉండాల, దాంట్లో గాలి ఉంటాది. చక్రం హంపు ఎక్కినప్పుడు ఈ కాలు లోపలికి దిగుతాది. అప్పుడు ఆ గాలి దిండు మాదిరి నలుగుతాది. ఆ ఖాళీ కూడా ఒక సామానే. దాన్ని నూనెతో నింపేస్తే నలగడానికి ఏమీ ఉండదు. నూనె నలగదు కదా. కాలు సగం దిగి ఇనప కడ్డీ మాదిరి నిలిచిపోతాది. దెబ్బంతా పైకి వస్తాది, మీ నడుముకు. నూనెకు దారి లేక పైనుండే సీలును చీల్చుకొని బయటికి వస్తాది."

వింటూ వింటూ నేను మజ్జిగ తాగుదామని లోపలికి ఒక అడుగు వేసినాను.

"ఏమయ్యా, ఎక్కడికి?" అంది సావిత్రమ్మ.

"దాహం."

"నిలబడు." అవరేకాయల మధ్య ఆమె చెయ్యి ఆగిపోయింది. కండ్లు మాత్రం కదులుతున్నాయి. గోడ మేకుకు తగిలించిన నా నూనె గరాటు మీదికి పోయినాయి. "గిరీషప్పా, ఆ రోజు పోయగా డబ్బాలో నూనె మిగిలింది కదా. ఆ డబ్బా ఏది?"

గిరీష్ అరుగు కింద వెతికి డబ్బా తీసినాడు. ఊపినాడు. తలకిందులు చేసినాడు. ఒక చుక్క, అది కూడా ఆలోచించి ఆలోచించి, రాలింది.

"కుడి కాలికే ఎక్కువైంది" అంది సావిత్రమ్మ మెల్లగా, తనలో తాను లెక్క చెప్పుకున్నట్టు. "ఎడమ కాలికి చుక్క కూడా ఎక్కువ కాలేదు. కుడిదానికే." తల తిప్పి నా వైపు చూసింది. "ఏమయ్యా. ఇట్ల చూడు. కొసరు పోసినావా?"

ఇంక దాచి లాభం లేదు. దాచాలనుకున్నదీ కాదు, అసలు అది తప్పని నాకు తెలిస్తే కదా. ఆ సాయంత్రం గిరీష్ చేతులు కడుక్కోవడానికి పోయినాడు. డబ్బా అడుగున నూనె మిగిలి ఉండాది. నూనె అంగట్లో పుట్టి పెరిగినవాడి ముందు డబ్బాలో నూనె మిగిల్చి పోతే ఏమవుతాది? కొలిచి పోసినాక పైన ఇంకొంచెం వంచకుండా మా అంగడి నుంచి ఏ గిరాకీ గడప దిగలేదు. నువ్వుల నూనెకు వచ్చినా కొసరే, దీపానికి ఆముదం కోసం వచ్చినా కొసరే. నా ఇల్లాలి నడుము కోసం పోసే నూనెకు కొసరు లేకుండా ఎట్ల? కాలి పైన మూత విప్పినాను, గరాటు పెట్టినాను, వంచినాను, బిగించినాను.

అదే చెప్పినాను.

గిరీష్ నోరు తెరుచుకొని విన్నాడు. తర్వాత అడిగినాడు చూడండి, అది నిజంగా చదువుకున్నవాడు అడిగే ప్రశ్న. "సరే మామా. పోసినారు. రెండు కాళ్లకూ పంచి పోసినా ఇంత కొట్టేది కాదు. మొత్తం కుడి కాలికే ఎందుకు పోసినారు?"

నేను నిజంగానే ఆశ్చర్యపోయినాను. "ఏమప్పా అట్ల అడుగుతావు? కొసరు ఎడమకు ఎట్ల ఇస్తారు?"

సావిత్రమ్మ నవ్వింది.

ముందు ముక్కుతో నవ్వింది. తర్వాత చేట కింద పెట్టేసి, రెండు చేతులతో బెల్టు పట్టుకొని నవ్వింది. నవ్వితే నడుము నొప్పి, నొప్పికి "అమ్మా" అంటాది, మళ్లీ నా ముఖం చూస్తాది, మళ్లీ నవ్వుతాది. "ఎడమకు... ఇవ్వకూడదంట... బండికి కూడా..." కండ్లలో నీళ్లు. ఆపరేషన్ అయినాక ఆమె అట్ల నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం నేను నాలుగు బండ్ల ఫోర్కులైనా పాడు చేస్తాను.

కాబట్టి మొదట్లో చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. నూనె కొలవడంలో నా చెయ్యి తప్పిందని చెప్పగలిగే మనిషి బొమ్మనహళ్ళిలో పుట్టినాడు. ఎప్పుడో పుట్టినాడు. వాడి పేరు చిన్నప్ప. ఇదిగో, చెప్తున్నాడు.

"గిరీషప్పా" అంది సావిత్రమ్మ కండ్లు తుడుచుకుంటూ, "వారం నుంచి నీ మీద ముఖం మాడ్చుకున్నా. మనసులో పెట్టుకోవద్దు."

"అయ్యో, వదిలెయ్యండి అత్తా."

"నువ్వెందుకు ఊరికే ఉంటివప్పా?" అన్నాను నేను. "నా తప్పు కాదని గట్టిగా అరవాల్సింది కదా."

"నాకే నా పని మీద అనుమానం వచ్చింది మామా. నేనే ఎక్కువ పోసినానేమో అనుకున్నా." కుడి కాలిని గుడ్డతో తుడుస్తూ తల ఎత్తకుండా అన్నాడు. ఆ వారమంతా ఆఫీసులో కూర్చొని, ఇంట్లో పెండ్లాం చేత మాటలు పడుతూ, రోజూ ఆ కొలతను తలచుకుంటూ ఉండినాడన్నమాట. ఇంత మంచివాణ్ణి మా చైత్ర ఎట్ల పట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను వెతికిన సంబంధం అయ్యుంటే ఇంత బాగా కుదిరేది కాదు.

కృతజ్ఞత చెప్పే మాటలు నాకు సరిగ్గా రావు. లోపలికి పోయి అవరేకాయల పులుసు గిన్నె నేనే మోసుకొచ్చి, అన్నం నేనే పెట్టి, అతని పళ్లెంలో రెండు గరిటెలు వేసి, పైన ఇంకొంచెం వంచినాను. అతను పళ్లెం చూసి, నన్ను చూసి, "మామా, ఖాళీ కూడా ఒక సామానే" అన్నాడు.

చీలిన సీలు తీసి కొత్తది వేసినాడు. దాన్ని సమానంగా దిగ్గొట్టడానికి నీళ్ల పైపు ముక్క వాడినాడు. ఈసారి నూనెను మా ఇద్దరి కండ్ల ముందు కొలిచినాడు. ఎడమకు ఎంతో కుడికీ అంతే. మిగిలిన నూనె డబ్బాను నా చేతిలో పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచుకోండి, మీకే నమ్మకంగా ఇస్తున్నా" అన్నాడు. నేను దాన్ని మా గేటు కీళ్లకు పోసినాను. ఏ పక్క కీలుకు ముందు పోసినానో మీకు చెప్పక్కర్లేదు.

భోంచేసి కూర్చున్నప్పుడు గిరీష్ మళ్లీ ఆ సంగతే ఎత్తినాడు. "నిజంగా మీ అంగట్లో ఎడమ చేత్తో ఎవరూ పోయలేదా మామా?"

"ఒకడు పోసేవాడు" అన్నాను. "మా తమ్ముడు కొండయ్య. పుట్టుకతోనే ఎడమచేతివాటం. కొలత కుడి చేత్తోనే పోసేవాడు. కొసరు దగ్గరికి వచ్చేసరికి సంతోషంలో చెయ్యి మారిపోయేది. గిరాకీలు మూతి తిప్పుకునేవాళ్లు. మా పెండ్లయిన కొత్తలో ఒక పండగ నాడు అంగడి నిండా జనం ఉండగా మా నాయన వాడి చేతిలోని గరిటె లాక్కున్నాడు. వాడు ఆ పూటే ఇల్లు వదిలిపోయినాడు. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు."

సావిత్రమ్మ నవ్వు తగ్గింది. "మనిషి చెయ్యి ఏ పక్కదైతే ఏం" అంది. అని, ఆమె మాట మార్చింది. "నేను పడినప్పుడు, నొప్పికి కండ్లు తెరవలేకపోయినా గిరీషప్పా. అప్పుడు కూడా ఈయన గొంతే వినపడింది. కొసరు కొసరు అని. ఈయనేమో ఆ పొద్దు బొమ్మనహళ్ళిలో అంగట్లో ఉండాడు."

"చూసినావా" అన్నాను నేను మీసం మీద చెయ్యి వేసి, "స్పృహ తప్పినా మొగుడే గుర్తు."

ఆదివారం పొద్దున సావిత్రమ్మ బయటికి వచ్చింది. చూసి నేను పక్కకు తిరిగి నవ్వుకోవాల్సి వచ్చింది. చైత్రది చుడీదారు తాను వేసుకుంది. పక్కకు కూర్చుంటే నడుము మెలి తిరుగుతుందని, అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోవాలని గిరీష్ ఆన. "వీధిలో ఎవరన్నా నవ్వితే దిగి ఇంటికి పోతా" అంది, హెల్మెట్టు పెట్టుకుంటూ. వీధిలో ఎవరూ నవ్వలేదు. హెల్మెట్టులో ఎవరో ఎవరికీ తెలియలేదు.

చేతిలో ఒక లోటా పట్టుకుంది, అంచుల దాకా మజ్జిగతో. లక్ష్మీదేవికి. ఇంకో చెయ్యి నా భుజం మీద. నా ముందర ట్యాంకు మీద గానుగ నువ్వుల నూనె డబ్బా. వెనక గిరీష్ తన స్కూటర్ మీద, ఏ గుంతకు ఎంత భయపడాలో చూస్తూ.

వీధి చివరి హంపు కనిపించింది. నా భుజం మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. నేను బ్రేకు వేసినాను, మెల్లగా ఎక్కించినాను. ముందరి చక్రం ఎక్కింది, ఫోర్కు లోపలికి దిగింది, ఊపిరి తీసుకొని మళ్లీ పైకి వచ్చింది. వెనక చక్రం దిగింది.

కొంచెం దూరం పోయినాక ఆమె అడిగింది.

"వచ్చిందా?"

"ఏంది?"

"హంపు."

"ఎప్పుడో పోయింది."

నా భుజం మీద చెయ్యి వదులైంది. నేను హెల్మెట్టు లోపల ఒక ముసలాడు చెయ్యకూడని పని చేసినాను. గాలికి ఆరిపోయింది, ఎవరూ చూడలేదు.

హోసూరు రోడ్డు, తర్వాత జిగణి దారి. ఆ దారిలో ఒక గుంత ఉండాది, దీపావళికి దాంట్లో దిగిన లారీ ఉగాదికి బయటికి వచ్చిందంటారు. దాన్నీ దాటినాము. లోటాలో మజ్జిగ ఒక్క చుక్క తొణకలేదు. గిరీష్ సాక్షి.

ఫ్యాక్టరీల వెనక ఖాళీ జాగాలో రేకుల షెడ్లు. ఒక షెడ్డు ముందర మూటలు కట్టి పెట్టి ఉన్నాయి. మూట మీద కూర్చొని పిల్లకు జడ వేస్తున్న ఆమె మమ్మల్ని చూసి లేచింది. చుడీదారులో ఉన్న ముసలమ్మను చూసి గుర్తు పట్టలేదు. సావిత్రమ్మ హెల్మెట్టు తీసింది.

"ఓయమ్మ! నడుస్తా ఉండావా అమ్మా!" అంది లక్ష్మీదేవి. ఆమె ముఖంలో సంతోషం ఎట్లాంటిదంటే, తన సొంత నడుమే బాగైనట్టు.

సావిత్రమ్మ పోయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. వారం నుంచి ఈ మాట చెప్పాల, ఆ మాట చెప్పాల అని నా ప్రాణం తీసిన మనిషి, ఒక్క మాట కూడా చెప్పలేదు. పట్టుకొని నిలబడింది, అంతే. లక్ష్మీదేవి కూడా వదిలించుకోలేదు. జడ సగంలో ఆగిన పిల్ల ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. గిరీష్ బండి ఫోర్కు చూసే నెపంతో వంగి కూర్చున్నాడు.

నాకు చేతనైంది ఒకటే పని. "అమ్మా, ఒక సీసా ఉంటే తీసుకురా" అన్నాను. ఆమె వద్దు వద్దంటూనే తెచ్చింది. నువ్వుల నూనె వంచినాను. మెడ దాకా నిండింది. అలవాటు ప్రకారం కుడి చెయ్యి ఇంకొంచెం వంచింది. "ఇది కొసరమ్మా" అన్నాను.

లక్ష్మీదేవి నవ్వింది. "ఆ పెద్దాయన కూడా ఇట్లే అనె సామీ."

"ఏ పెద్దాయన?"

"అమ్మను లేపిన ఆయప్ప. నేను ఆటో పిలిచి, ఆసుపత్రిలో కూర్చుంటి అంతే. మెట్ల మీద నుంచి అమ్మను ఎత్తింది ఆయప్ప. నోట్లో నీళ్లు పోసె. చాలు అని అమ్మ తల తిప్పితే, ఇది కొసరు తల్లీ, తాగు అని ఇంకొంచెం పోసె. నాకు బాగా గుర్తుండాది సామీ." ఆమె తన ఎడమ చెయ్యి ఎత్తి, సీసా వంచినట్టు వంచి చూపించింది. "ఈ చేత్తో."

సావిత్రమ్మ నా ముఖం చూసింది. నేను ఎవరి ముఖమూ చూడలేదు. నా చేతిలో డబ్బా ఇంకా వంగే ఉంది. నూనె సీసా మెడ దాటి, మట్టిలోకి కారుతుండాది.

"నా పేరు చెప్పొద్దు అనె" అంది లక్ష్మీదేవి, ఇప్పుడు కొంచెం భయంగా. "అమ్మ ఇంటాయనకు కోపం వస్తాది అనె. మా సైటు దగ్గర వాచ్‌మన్ సామీ. ఈ షెడ్ల వెనకే ఉంటాడు. పిలుచుకొని రానా? వద్దా?"

ఇక్కడ ఆపుతున్నాను. ఆపే ముందు ఒక మాట చెప్పకపోతే మా అల్లుడు నన్ను ఇంట్లోకి రానివ్వడు. ఆ మజ్జిగ లోటా నా కల్పన. నడుము నొప్పి మనిషి ఒంటి చేత్తో పట్టుకొని కూర్చుంటుందా? ఆమె రెండు చేతులూ నా భుజాల మీదనే ఉన్నాయి. తక్కినవన్నీ జరిగినవే. కొలపాత్ర పారేసిన ఆయనా నిజమే, లారీ గుంతా నిజమే, మీ ఇష్టం.

ఆ ఎడమ చెయ్యి మాత్రం, దాన్ని కల్పించేంత తెలివి నాకు లేదు.